బండి కంటే ముందు మనిషి నడవాలి

ఇది కొంచెం పెద్ద రాత. కాఫీ పక్కన పెట్టుకొని తీరిగ్గా చదవండి.

మాసి శివరాత్రి దగ్గరికొచ్చిందంటే మన గ్రూపులో రెండు రకాల ఫొటోలు మొదలవుతాయి. ఒకటి కులదైవం గుడికి సున్నం కొట్టిన ఫొటో. రెండోది ఎవరో ఒక తమ్ముడు కొత్తగా కొన్న బండి ఫొటో. చక్రాలకి బురద, వెనక కొండ, కింద ‘ఆల్ వీల్ డ్రైవ్, ఇక ఎక్కడికైనా పోతాం’ అని ఒక మాట. దానికి యాభై చప్పట్లు. మరుసటి రోజు పెద్దల్లో ఒకరు ‘మా కాలంలో ఎద్దులబండిలో పోలేదా, ఇంత డబ్బు పోసి ఇదంతా ఎందుకు’ అని రాస్తారు. అక్కడ్నించి రెండు రోజులు వాదమే వాదం.

ఈ వాదంలో రెండు పక్కలా న్యాయం సగం సగమే ఉంది. అందుకే మా మాట ముందే చెప్పేస్తాం. ఇంటిల్లిపాదీ కూర్చునే ఆల్ వీల్ డ్రైవ్ బండి మంచిదే. దాన్ని మట్టిదారిలోకి తీసుకుపోవడమూ మంచిదే. అయితే ఆ బండి గొప్ప లోపలికి పోవడంలో లేదు, అందర్నీ బయటికి తీసుకురావడంలో ఉంది. ఇది తెలిసినవాడి చేతిలో అది వరం. తెలియనివాడి చేతిలో అదే బండి, మామూలు కారు ఆగిపోయే చోటు దాటి ఇంకో రెండు మైళ్ళు లోపలికి పోయి, అక్కడ అవ్వనీ తాతనీ పసిపిల్లల్నీ కలిపి ఇరికించి పెడుతుంది.

ఈ రకం బండి ఎందుకు పుట్టిందో ముందు చూద్దాం. జపాన్‌లో ఉత్తరాన తోహొకు అని ఒక సీమ. చలికాలం వస్తే మనిషి ఎత్తు మంచు పడే చోటు. అక్కడి కరెంటు కంపెనీ మనుషులు కొండల్లో తీగలు చూడ్డానికి జీపుల్లో పోయేవాళ్ళు. జీపులో చలి, కుదుపు. కారులాగా ఒళ్ళు నొప్పి లేకుండా ఉండాలి, మంచులోనూ పోవాలి, అలాంటి బండి కావాలని వాళ్ళు అడిగారు. సుబారు కంపెనీ ఆ పనికి దిగి, 1972లో లియోన్ ఎస్టేట్ వ్యాన్ అని నాలుగు చక్రాలకూ బలం పోయే బండిని అమ్మకానికి పెట్టింది. ఇంటిల్లిపాదీ ఎక్కే ఈ జాతి బళ్ళకి అదొక మూలపురుషుడు. దాని వెనక సాహసం లేదు, వీడియో లేదు. పనికి పోయినవాడు సాయంత్రం ఇల్లు చేరాలి, అంతే.

మన దేశంలో ఈ మాట ఇళ్ళల్లోకి బాగా వచ్చింది 2014లో రెనో డస్టర్‌తో. అందులో ఒక గుండ్రటి మీట ఉండేది. రెండు చక్రాలు, ఆటో, లాక్ అని మూడు గుర్తులు. 2021లో మహీంద్రా ఎక్స్‌యూవీ 700, 2022లో మారుతి గ్రాండ్ విటారా, టొయోటా హైరైడర్ వచ్చాయి. ఇవన్నీ కుటుంబం బళ్ళు. సీట్లు మెత్తన, ఏసీ చల్లన, వెనక సామానుకి చోటు. వీటిలో ఆల్ వీల్ డ్రైవ్ కావాలంటే లక్షకి పైనే ఎక్కువ పెట్టాలి.

లోపల జరిగేది ఇది. మామూలు కారులో చాలావాటికి ముందు రెండు చక్రాలే లాగుతాయి. ఈ బళ్ళలో ముందు చక్రం జారుతోందని కంప్యూటరు పసిగట్టగానే, నడుమ ఉన్న క్లచ్ బిగుసుకొని వెనక చక్రాలకీ బలం పంపుతుంది. చాలా మంచి ఏర్పాటు. కాని థార్, జిమ్నీ లాంటి బళ్ళలో ఉండే ‘లో’ గేరు ఇందులో లేదు. ఆ గేరు ఉంటే బండి మనిషి నడిచేంత నిదానంగా, ఎక్కువ బలంతో పాకుతుంది. మన బండికి అది లేదు కాబట్టి ఇసుకలోనో బురదలోనో ఎక్కువసేపు చక్రాలు తిప్పితే ఆ నడుమ క్లచ్ వేడెక్కుతుంది. వేడి మితిమీరితే దాన్ని కాపాడుకోవడానికి కంప్యూటరే వెనక చక్రాలకి బలం పంపడం ఆపేస్తుంది. అంటే కష్టకాలంలో మన నాలుగు చక్రాల బండి మళ్ళీ రెండు చక్రాల బండి అవుతుంది. అది బండి తప్పు కాదు. ఆ పని దానికి చెప్పకూడదు.

మేము రైల్వేలో గుమాస్తా పని చేసినవాళ్ళం, ఇంజిన్ నడిపినవాళ్ళం కాదు. కాని డ్రైవర్లతో, పట్టాల పనివాళ్ళతో ముప్పై ఏళ్ళకు పైగా టీ తాగినవాళ్ళం. అక్కడ విన్న ఒక పాఠం ఈ విషయానికి అచ్చంగా సరిపోతుంది. బలం వేరు, పట్టు వేరు.

రైలింజిన్‌కి బలం కొదవా? వేల గుర్రాల బలం. అయినా వానకి పట్టా తడిసి, ఎక్కుడు మీద చక్రం జారితే ఆ బలమంతా వట్టిది. అందుకే ఇంజిన్‌కి ఇసుక పెట్టెలు ఉంటాయి. డ్రైవరు చక్రం ముందర పట్టా మీద ఇసుక పోసి పట్టు తెచ్చుకుంటాడు. మన నీలగిరి కొండ రైలు చూడండి. మేట్టుపాళయం నుంచి కూనూరుకి 1899లో, ఉదకమండలానికి 1908లో దారి వేశారు. అక్కడ ఎక్కుడు ఎంత కఠినమంటే 12.28 అడుగులు ముందుకు పోతే 1 అడుగు పైకి ఎక్కాలి. వట్టి ఇనుప చక్రానికి ఇనుప పట్టా మీద అంత పట్టు దొరకదు. ఇంకా పెద్ద ఇంజిన్ తెచ్చినా దొరకదు. అందుకని కల్లార్ నుంచి కూనూరు దాకా నడుమ పళ్ళ పట్టా వేసి, ఇంజిన్ కింద పళ్ళ చక్రం పెట్టారు. ఇంజిన్‌ని రైలుకి పల్లం పక్కన పెట్టి వెనక నుంచి తోయిస్తారు. దిగేటప్పటి కోసం ప్రతి పెట్టెకీ ఒక బ్రేకు మనిషి. ఎక్కడం కంటే దిగడానికే ఎక్కువ మంది కావలసొచ్చింది చూశారా?

మన బండికీ ఇదే లెక్క. నాలుగు చక్రాలకి బలం ఇవ్వడం అంటే ఉన్న పట్టుని నాలుగు చోట్ల వాడుకోవడం. లేని పట్టుని అది పుట్టించలేదు. పట్టు ఇచ్చేది టైరు, నేల. ఇక ఆగడం అంటారా, ప్రతి కారుకీ నాలుగు చక్రాలకే బ్రేకు. దిగుడులోగానీ తడి మలుపులోగానీ ఆల్ వీల్ డ్రైవ్ బండి పక్కింటివాళ్ళ స్విఫ్ట్ కంటే ముందు ఆగదు. బరువెక్కువ కాబట్టి ఇంకా ఆలస్యంగానే ఆగొచ్చు. ‘మా బండి ఆల్ వీల్ డ్రైవ్’ అనే ధైర్యంతో ఘాట్ రోడ్డులో వేగం పెంచేవాళ్ళు ఈ ఒక్క మాట గుర్తు పెట్టుకుంటే మేలు.

రైల్వేలో ఇంకో పద్ధతి ఉంది. వానాకాలం రాత్రుల్లో పట్టాల వెంట లాంతరు పట్టుకొని ఒక మనిషి నడుస్తాడు. గట్టు కోసుకుపోయిందా, కంకర జారిందా అని చూసుకుంటూ పోతాడు. వెయ్యి మందిని మోసే ఇనుప రైలుకి ముందు, ఒక లాంతరు మనిషి. అనుమానం ఉన్న చోట డ్రైవరు చేతికి కాషన్ ఆర్డర్ ఇస్తారు. ఇక్కడ్నించి ఇక్కడిదాకా ఇంత వేగమే అని. ఎంత అనుభవం ఉన్న డ్రైవరైనా దాన్ని దాటడు. ఈ పద్ధతి మన బండిబాటలోకీ రావాలని మా కోరిక.

‘ఆఫ్ రోడ్’ అనే మాటకి మన ఇంటి తెలుగులో మాట ఎందుకు లేదో ఎప్పుడైనా ఆలోచించారా? మేము చదివింది అరవ బడి, తెలుగు అమ్మ దగ్గర వచ్చింది. ఆ తెలుగులో బండిబాట అనే మాట ఉంది, గట్టుదారి ఉంది, కొండదారి ఉంది. ‘దారి కానిచోట పోవడం’ అనే మాట లేదు. కోవిల్‌పట్టి, సాత్తూరు, విళాత్తికుళం పక్కల కరిసల్ నేలలో బతికిన మనవాళ్ళకి దారి కానిచోటు అంటే ఒకరి చేను. కి. రాజనారాయణన్ గారు కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్ మనిషి. ఇంట్లో తెలుగు, రాత అరవం. తెలుగు నేల వదిలి ఈ నల్లనేలకి వచ్చిన కుటుంబాల మీద ‘గోపల్ల గ్రామం’ రాశారు. ఆయన్ని చదివిన మన పిల్లలకి కరిసల్ మన్ను అంటే ఏమిటో కొంచెం తెలిసే ఉంటుంది. తెలియనివాళ్ళకి మేము చెప్తాం.

ఎండలో ఆ నేల రాయి. బీటలు వారి, కారు పోతే దుమ్ము లేస్తుంది, అంతే. ఏ బండైనా పోతుంది. ఐప్పసి, కార్తిక నెలల్లో వాన పడిందా, అదే నేల బంక. చెప్పు వేసుకొని నడిస్తే పది అడుగులకి చెప్పు కింద ఇంకో చెప్పు తయారవుతుంది. మన బండ్లకి ఉండేవి రోడ్డు టైర్లు. వాటి గాళ్ళు సన్నం. రెండు చుట్లు తిరగ్గానే బంకమన్ను గాళ్ళలో నిండి టైరు నున్నటి బంతి అయిపోతుంది. అప్పుడు రెండు చక్రాలు జారే చోట నాలుగు చక్రాలూ కలిసి జారతాయి. పైగా మన్ను చక్రానికీ దాని పైకప్పుకీ మధ్య అంటుకొని చక్రాన్నే పట్టేస్తుంది. ఈ నేలకి మందు ఒకటే. వాన ఆగాక ఒకట్రెండు రోజులు ఎండ కాయనివ్వాలి. ఎద్దులబండి తోలిన మన తాతలు చేసిందీ అదే. ‘మేము ఎద్దులబండిలో పోలేదా’ అనే పెద్దలు ఈ సగం చెప్పడం మరిచిపోతారు. పోయారు, నిజమే. ఎప్పుడు బండి కట్టకూడదో కూడా వాళ్ళకి తెలుసు.

ఇంకో సంగతి. బాట నడుమ బురద కనపడగానే కుర్రవాళ్ళకి తోచే ఉపాయం ‘పక్కనుంచి తిప్పుకుపోదాం’. ఆ పక్కన ఉండేది మినుమో, పత్తో, జొన్నో. పురట్టాసిలో చల్లింది అప్పుడే మొలిచి ఉంటుంది. ఒక బండి పోయిన గాడిలో రెండోది పోతుంది, మూడోది ఇంకొంచెం పక్కకి పోతుంది. దేవుడి దగ్గరికి పోతూ ఒకరి అన్నం తొక్కుకుంటూ పోయినట్టు. ఆ చేను మనవాళ్ళదే కావచ్చు, వేరేవాళ్ళది కావచ్చు. ఊరు వదిలి పట్నం చేరిన మనం ఏడాదికి ఒకసారి వస్తాం. మన బండి గాడి చూసి ఏడాదంతా మనల్ని తలుచుకునేవాళ్ళు వాళ్ళు. కాబట్టి బండి ఉన్న బాటలోనే పోవాలి. బాట పోనివ్వకపోతే అక్కడే ఆపి నడవాలి.

ఇసుక సంగతి వేరు. ధనుష్కోటి ఇప్పుడు తారు రోడ్డు మీద పోయి చూసి వస్తున్నాం. అరిచల్‌మునై దాకా ఆ రోడ్డు తెరిచింది 2017లో. 1964 డిసెంబర్ 22 రాత్రి తుపానులో పాంబన్ నుంచి పోయిన పాసింజరు రైలు మనుషులతో సహా సముద్రంలో కలిసిపోయిన చోటు అది. మా రైల్వేవాళ్ళకి ఆ పేరు చెబితే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. రోడ్డు వేయకముందు యాత్రికుల్ని అక్కడి వ్యాన్లు, జీపులు ఇసుకలో, లోతులేని నీళ్ళలో దాటించేవి. ఆ డ్రైవర్ల బళ్ళు మన బళ్ళంత కొత్తవి కావు, సొగసైనవీ కావు. వాళ్ళకి తెలిసింది ఆటుపోటు, ఏ చోట ఇసుక గట్టి, ఏ చోట ఊబి అని. ఆ ఎరుక బండితోపాటు షోరూములో అమ్మరు.

మన పిల్లలు ఇసుకలో నడపాలని ముచ్చటపడితే దానికీ పద్ధతి ఉంది. టైరులో గాలి మామూలుగా 33 ఉంటే 20కి దగ్గరగా తగ్గిస్తే టైరు వెడల్పుగా పరుచుకొని ఇసుక మీద తేలినట్టు పోతుంది. జారుడు ఆపే కంప్యూటరు మీట ఉంటే ఇసుకలో దాన్ని ఆపాలి, లేకపోతే అది బలాన్ని కోసేసి బండిని నిలబెడుతుంది. ఒకే తీరున, బ్రేకు తొక్కకుండా, గబుక్కున తిప్పకుండా పోవాలి. చక్రం తవ్వుకుంటోందని తెలిసిన క్షణం కాలు తీసేయాలి. ఇంకా తొక్కితే గొయ్యి లోతవుతుంది తప్ప బండి కదలదు. దిగి, చేతులతో ఇసుక తోడి, టైరు కింద చాప వేసి, వచ్చిన గాడిలోనే వెనక్కి రావాలి. తిరిగి తారు రోడ్డు ఎక్కేముందు గాలి నింపుకోవాలి. గాలి తక్కువ టైరుతో వేగంగా పోతే టైరు వేడెక్కి పగులుతుంది. కాబట్టి గాలి కొట్టే చిన్న మిషను బండిలో లేనిదే గాలి తీయొద్దు.

ఇప్పుడు నీళ్ళ మాట. దీని గురించి రాయడానికే మేము ఈ రోజు కూర్చున్నాం.

2023 డిసెంబర్ 17, 18 తేదీలు మన తిరునెల్వేలి, తూత్తుక్కుడి పక్కలవాళ్ళు ఎవరూ మరిచిపోలేరు. కాయల్‌పట్టిణంలో ఒక్క రోజులో 94 సెంటీమీటర్ల పైన వాన. తిరుచ్చెందూరు నుంచి చెన్నైకి బయల్దేరిన ఎక్స్‌ప్రెస్‌ని శ్రీవైకుంఠం స్టేషన్లో ఆపేశారు. ఎనిమిది వందల మంది దాకా జనం ఆ చీకట్లో, నీళ్ళ నడుమ చిక్కుకున్నారు. కష్టమే. కాని ఆపకపోతే ఏమయ్యేదో ఆలోచించండి. ముందు దారిలో నీళ్ళు పట్టాల కింద కంకరనంతా తోసుకుపోయాయి. పట్టాలు మాత్రం గాల్లో వేలాడుతున్నాయి. పైనుంచి చూస్తే దారి ఉంది. కింద నేల లేదు.

వాగు దాటేటప్పుడు మన బండికి జరిగేదీ ఇదే. నీళ్ళ కింద నిన్న చూసిన కాజ్‌వే ఈ రోజు ఉందో లేదో అద్దంలోంచి తెలియదు. పారే నీళ్ళు ఒక అడుగు లోతుంటే చిన్న కారుని తేల్చేస్తాయి. రెండు అడుగులుంటే మన పెద్ద బళ్ళనీ తోసుకుపోతాయి. బండి తేలాక నాలుగు చక్రాలకి బలం ఉంటే ఏం, నలభై చక్రాలకి ఉంటే ఏం? పట్టుకోవడానికి నేల కావాలి కదా. నిలిచిన నీళ్ళలోనైనా ఇంజిన్ గాలి పీల్చే గొట్టంలోకి నీళ్ళు పోయిందంటే ఇంజిన్ పగిలిపోతుంది. ఇంజిన్‌కి వేరుగా రక్షణ కట్టి ఉండకపోతే మామూలు ఇన్సూరెన్సు ఆ ఖర్చు ఇవ్వదు. బండి ఖర్చు పోనివ్వండి, వెనక సీట్లో బెల్టుకి కట్టిన పసిబిడ్డని పారే నీళ్ళలో ఎన్ని క్షణాల్లో బయటికి తీయగలమో తల్లులు ఒకసారి లెక్క వేసుకోండి. అదే 2023 డిసెంబర్‌లో హిమాచల్‌లో చంద్రా నదిలోకి ఒకరు థార్ దింపిన వీడియో దేశమంతా తిరిగింది. పోలీసులు చలానా వేశారు. మన పిల్లలు చూసింది నది దాటడం, చలానా కాదు. అందుకే మా కాషన్ ఆర్డర్ ఇది. పారే నీళ్ళలో కుటుంబం బండి దిగకూడదు. ఎంత తొందరైనా, ఏ పూజ సమయం మించిపోతున్నా. దేవుడు కాచుకుంటాడు, వాగు కాచుకోదు.

కొండలు, అడవుల విషయానికి వద్దాం. మదురై, తేని, విరుదునగరం పక్కల మన పిల్లలకి వారం ఆఖరు వచ్చిందంటే కొండే. శ్రీవిల్లిపుత్తూరు మేఘమలై 2021 నుంచి పులుల అభయారణ్యం. కళక్కాడు ముండంతురై అంతకు ముందు నుంచే. ఆడి అమావాస్యకి మనవాళ్ళు పోయే సొరిముత్తు అయ్యనార్ గుడి ఆ అడవి లోపలే ఉంది. రిజర్వు అడవిలోకి అనుమతి లేకుండా బండి తోలడం నేరం. ‘గేటు తీసి ఉంది, పోయాం’ అంటే చెల్లదు. 2018 మార్చిలో కురంగణి అడవి మంటల్లో ట్రెక్కింగ్‌కి పోయిన పిల్లలు ప్రాణాలు పోగొట్టుకున్నది మన తేని జిల్లాలోనే. అడవిలో జాగ్రత్త తప్పితే అది ఎంత దూరం తీసుకుపోతుందో ఆ రోజు చూశాం.

అలాంటి చోట సొంత బండే పోవాలనే పంతం ఎందుకు? కొలుక్కుమలై తేయాకు తోట తేని జిల్లాదే, కాని జీపు దారి కేరళ పక్క సూర్యనెల్లి నుంచి. చీకటితోనే అక్కడి జీపులు రాళ్ళ మీద ఊగుకుంటూ జనాన్ని ఎక్కిస్తాయి. ఆ డ్రైవర్లకి దారిలో ప్రతి రాయీ చుట్టమే. మన బండి కింద పక్కనే ఆపి వాళ్ళకి డబ్బిచ్చి ఎక్కడంలో తక్కువేముంది? ఒకరి సంసారం నడుస్తుంది, మన బండి అడుగు మిగులుతుంది, అవ్వ నడుం మాత్రం ఎలాగూ నొస్తుంది, అది తప్పదు.

ఇంతా విని తమ్ముళ్ళు అడిగే ప్రశ్న మాకు తెలుసు. ‘తాతా, బురద వద్దు, వాగు వద్దు, అడవి వద్దు. మరి ఆ ఎక్కువ డబ్బు దేనికి పెట్టాం?’

న్యాయమైన ప్రశ్న. జవాబూ ఉంది. కులదైవం గుడికి ఆఖరి రెండు కిలోమీటర్లు బస్సు పోదు. ఆటో వాడు రానంటాడు. మామూలు కారు కడుపు రాళ్ళకి తగులుతుంది. ఈ కారణంగా మోకాళ్ళు పోయిన అవ్వలు, ఆపరేషను అయిన తాతలు ఎంత మంది గుడి చూసి ఏళ్ళయింది? మన సంఘంలోనే లెక్క తీయండి, ప్రతి ఇంట్లో ఒకరు తేలతారు. ‘మీరు పోయి రండి, నాకు తిరునీరు తెచ్చిపెట్టండి’ అని గుమ్మంలో కూర్చునేవాళ్ళు. ఆ రెండు కిలోమీటర్లకే ఈ బండి పుట్టింది. నేల నుంచి ఎత్తుగా ఉంటుంది. ఎండిన బాటలో గాళ్ళు, వదులు కంకర, చిన్న ఇసుక మేట, గడ్డి మీద మంచు, సన్నటి వానకి తడిసిన ఎక్కుడు, ఇవన్నీ అవలీలగా దాటిస్తుంది. ఊరు చేరాక అనుకోని జల్లు పడితే తారు రోడ్డు దాకా మెల్లిగా తీసుకొస్తుంది. ఈ పనికి పెట్టిన డబ్బు వృథా అని ఏ పెద్దాయన అన్నా మేము ఒప్పుకోం.

సాహసం కూడా ఇందులో లేకపోలేదు. పట్నంలో పుట్టిన పిల్లలకి బండిబాటే పెద్ద సాహసం. నెమలి అడ్డం వస్తుంది, గొర్రెల మంద వస్తుంది, మందవాడితో మాట్లాడి దారి అడగాలి. అతను అరవంలో చెప్తే అవ్వ తెలుగులో తిప్పి చెప్తుంది. ముత్తాత తవ్విన బావి ఎక్కడుందో తాత వేలు చూపిస్తాడు. మెల్లిగా పోతేనే ఇవి దొరుకుతాయి.

ఇక సంఘానికి మా మనవి, నాలుగు ముక్కల్లో.

మొదటిది, ఈ శివరాత్రికి ఆల్ వీల్ డ్రైవ్ బండి ఉన్నవాళ్ళ పేర్లు ముందే రాసుకోవాలి. మిగతా బళ్ళన్నీ తారు రోడ్డు పక్కన ఆగాలి. నడవగలిగినవాళ్ళు నడవాలి. రాసిన బళ్ళు పెద్దల్నీ బాలింతల్నీ సామానునీ విడతలు విడతలుగా మోయాలి. ఇరవై బళ్ళు బాటని దున్నేకంటే నాలుగు బళ్ళు అయిదు సార్లు పోవడం మేలు. ప్రతి బండిలో ఉన్న సీట్ల లెక్కకే మనుషులు. ఎక్కువ ఎక్కిస్తే బండి కిందికి దిగి ఆ ఎత్తు అంతా పోతుంది. టాపు మీద బరువు కట్టొద్దు, ఒరుగు బాటలో అదే బండిని పడదోస్తుంది.

రెండోది, లాంతరు మనిషి. ముందురోజు సాయంత్రం ఇద్దరు కుర్రవాళ్ళు బాట ఆ చివర దాకా నడిచి రావాలి. ఎక్కడ కోత, ఎక్కడ మెత్తన, ఎక్కడ తిప్పుకోవడానికి చోటు అని చూసి గ్రూపులో రాయాలి. వాళ్ళు వద్దంటే వద్దే. పెద్ద బండి ఉన్నవాడు కదా అని ఎవరూ ఆ మాట దాటకూడదు.

మూడోది, ఊళ్ళో ట్రాక్టరు ఉన్న ఒకరితో ముందే మాట్లాడి, కూలి మాట తేల్చి ఉంచుకోవాలి. అర్ధరాత్రి ఇరుక్కున్నాక తలుపు తట్టి ‘అన్నా, కొంచెం లాగండి’ అనడం మర్యాద కాదు. లాగడానికి మందపాటి పట్టీ ఉండాలి. దాన్ని బండి పనిముట్ల సంచిలో ఉండే కొక్కేన్ని మర బిగించి దానికే కట్టాలి, బంపరుకి కాదు. లాగేటప్పుడు పట్టీకి దగ్గర ఎవరూ నిలబడకూడదు. ఇంకో మాట, ఈ రకం బండి రోడ్డు మీద చెడిపోతే రెండు చక్రాలు ఎత్తి ఈడ్చుకుపోనివ్వకండి. నాలుగు చక్రాలూ లారీ మీదికి ఎక్కాలి. లేకపోతే ఆ నడుమ క్లచ్ పాడవుతుంది.

నాలుగోది టైర్లు. నాలుగూ ఒకే సైజు, ఒకే తీరు అరుగుదల ఉండాలి. రెండు కొత్తవి, రెండు పాతవి వేస్తే చక్రం జారుతోందని కంప్యూటరు పొరబడి, ఆ ఏర్పాటు ఊరికే పని చేస్తూ అరుగుతుంది. ఎగస్ట్రా లైట్లకీ స్టిక్కర్లకీ పెట్టే డబ్బు ముందు టైర్లకి పెట్టండి.

పెద్దలకీ ఒక మాట చెప్పి ముగిస్తాం. పిల్లలు బండి ఫొటో పెట్టగానే ఎద్దులబండి కథ తీయకండి. ఆ కుర్రవాడు ఆ బండికి నెల నెలా కట్టుకుంటున్నాడు. దాన్ని ఎక్కడికో తీసుకుపోవాలని అతనికి ఉంటుంది. మనం తిడితే ఏ వాగులోకో పోతాడు. ‘నాయనా, మీ అవ్వని ఒకసారి గుడికి తీసుకుపోతావా’ అని అడిగి చూడండి. ముందు సీట్లో ఆమెని కూర్చోబెట్టుకున్నవాడు తనంతట తనే మెల్లిగా పోతాడు.

శివరాత్రికి బళ్ళ పేర్లు ఇవ్వదలిచినవాళ్ళు, బాట నడిచి చూడ్డానికి వచ్చే కుర్రవాళ్ళు ఈ రాత కిందే తెలపండి. మాకు మోకాళ్ళు ఇంకా బాగానే ఉన్నాయి. లాంతరు మేము పట్టుకుంటాం.